పాత ప్రోగ్రామ్ ఎక్కించాక డెస్క్‌టాప్ రాని విండోస్ 98: ఒక కేస్ స్టడీ

ఒక ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరాన్ని) నడిపే కంప్యూటర్ ఇది. అందులో ఉన్నది విండోస్ 98 సెకండ్ ఎడిషన్. పరికరాన్నీ కంప్యూటర్‌నూ కలిపేది ఒక ఐఎస్ఏ కార్డు, అంటే పాత మదర్‌బోర్డుల్లోని ఒక రకం స్లాట్‌లో పెట్టే కార్డు. కొత్త విండోస్‌లలో ఆ కార్డుకు డ్రైవర్ లేదు, కొత్త మదర్‌బోర్డుల్లో ఆ స్లాటే లేదు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అసలు సీడీ ఎప్పుడో పోయింది. అంటే ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్నదే దాని ఏకైక ప్రతి.

పాత రిజల్ట్ ఫైళ్లు తెరవాల్సి వచ్చి, 1996 నాటి డేటా విశ్లేషణ ప్రోగ్రామ్ ఒకటి సీడీ నుంచి ఎక్కించారు. "సెటప్ నడిపానండీ, అంతా బాగానే అయింది. రీస్టార్ట్ చేయమంది, చేశాను. ఇంకేమీ ముట్టుకోలేదు" అని ఆపరేటర్ చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రీస్టార్ట్ తర్వాత విండోస్ లోగో వచ్చింది, ఆపైన డెస్క్‌టాప్‌ను చూపే ఎక్స్‌ప్లోరర్‌కు కావలసిన ఒక ఎక్స్‌పోర్ట్ కామ్‌సీటీఎల్32.డీఎల్ఎల్‌లో లేదన్న ఎర్రర్ వచ్చింది, తర్వాత ఖాళీ తెర. డీఎల్ఎల్ అంటే చాలా ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైల్, ఎక్స్‌పోర్ట్ అంటే అది వాటికి అందించే ఫంక్షన్. సేఫ్ మోడ్‌లోనూ అంతే.

నేను వెళ్లేసరికి ఇంకో సంగతి కూడా జరిగి ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు డాస్‌లోకి వెళ్లి, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) పాత బ్యాకప్‌ను వెనక్కి తెచ్చే స్కాన్‌రెగ్ రిస్టోర్ నడిపారు. ముందు రోజు రిజిస్ట్రీ వెనక్కి వచ్చింది గాని డెస్క్‌టాప్ మాత్రం రాలేదు. తర్వాతి సలహాగా, విండోస్ సెటప్‌ను దాని మీదే మళ్లీ నడిపిద్దామనో, ఫార్మాట్ చేద్దామనో అనుకుంటున్నారు. ముందు ఆ ఆలోచన ఆపించాను. సెటప్ మళ్లీ నడిస్తే హార్డ్‌వేర్ గుర్తింపు మొదటి నుంచి జరుగుతుంది. జంపర్లతో (కార్డు మీది చిన్న పిన్ కనెక్టర్లతో) ఐఆర్‌క్యూ, ఐఓ అడ్రస్ (కంప్యూటర్ కార్డుతో మాట్లాడే దారులు) పెట్టిన పాత ఐఎస్ఏ కార్డుకు అది ప్రమాదం. ఇక ఫార్మాట్ చేస్తే కంట్రోల్ సాఫ్ట్‌వేర్, దాని క్యాలిబ్రేషన్ విలువలు అన్నీ పోతాయి. మళ్లీ ఎక్కించడానికి సీడీ లేని యంత్రంలో ఫార్మాట్‌ను రిపేర్ అనడానికి లేదు.

ముందు డిస్క్ ఇమేజ్

ఏ కమాండూ కొట్టకముందు బయోస్‌లో డిస్క్ సెట్టింగ్స్ కాగితం మీద రాసుకున్నాను. ఈ వయసు బోర్డుల్లో బ్యాటరీ ఎప్పుడైనా చేతులెత్తేయవచ్చు. కరెంటు తీసి పెట్టాక డిస్క్ జామెట్రీ వేరుగా గుర్తిస్తే కొత్త సమస్య మొదలవుతుంది. తర్వాత డిస్క్ విప్పి, ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టర్‌తో లైనక్స్ మెషీన్‌కు తగిలించి, డీడీరెస్క్యూతో పూర్తి ఇమేజ్ తీశాను. ఇంత పాత డిస్క్‌లకు మామూలు కాపీ ప్రోగ్రామ్ కన్నా డీడీరెస్క్యూ మేలు. చదవడానికి వీలుకాని సెక్టర్ దగ్గర ఆగిపోకుండా ముందుకు పోయి, వాటి సంగతి చివర్లో చూస్తుంది. ఏవి చదవలేకపోయిందో మ్యాప్ ఫైల్‌లో రాసిపెడుతుంది.

ఇమేజ్ నుంచి సిస్‌బ్యాకప్ ఫోల్డర్‌లోని ఆర్‌బీ క్యాబ్ ఫైళ్లను (రిజిస్ట్రీ బ్యాకప్ ఉన్న కుదించిన ప్యాకేజీలను) కూడా విడిగా దాచాను. దీనికి కారణం ఉంది. విండోస్ 98 రోజుకోసారి, సరిగ్గా బూట్ అయినప్పుడు, రిజిస్ట్రీ బ్యాకప్ ఒకటి తీస్తుంది. మామూలుగా 5 మాత్రమే ఉంచుతుంది, ఆరోది రాగానే పాతది పోతుంది. పాడైన యంత్రం కుంటుతూనైనా బూట్ అవుతుంటే, కొన్ని రోజుల్లో మంచి బ్యాకప్‌లన్నీ వెళ్లిపోయి చెడ్డవే మిగులుతాయి.

స్కాన్‌రెగ్ ఎందుకు పనిచేయలేదు

ఆ క్యాబ్‌లలో ఉండేవి నాలుగే ఫైళ్లు: సిస్టమ్.డీఏటీ, యూజర్.డీఏటీ, సిస్టమ్.ఐఎన్ఐ, విన్.ఐఎన్ఐ. డీఎల్ఎల్‌లు ఉండవు. అంటే ఇప్పుడు ఈ డిస్క్‌లో రిజిస్ట్రీ ప్రోగ్రామ్ ఎక్కించక ముందుది, సిస్టమ్ ఫోల్డర్ ఎక్కించిన తర్వాతది. కొత్త ప్రోగ్రామ్ ఫైళ్లు ఉన్నాయి గాని, అన్‌ఇన్‌స్టాల్ జాబితాలో దాని పేరే లేదు.

ఇది చూసి కంగారు పడనక్కర్లేదు. అన్‌ఇన్‌స్టాల్ దొరికినా నేను నడిపేవాణ్ని కాదు. పాత ఫైల్‌ను తీసేసి తన ఫైల్ పెట్టిన సెటప్, అన్‌ఇన్‌స్టాల్‌లో పాత ఫైల్‌ను వెనక్కి తెచ్చి పెట్టదు. షేర్డ్ డీఎల్ఎల్ లెక్క సున్నాకు చేరిందనుకుంటే ఉన్న ఫైల్‌ను కూడా చెరిపేస్తుంది. అప్పుడు తప్పు వెర్షన్ ఉన్న చోట అసలు ఫైలే ఉండదు.

విండోస్ 2000 నుంచి వచ్చిన ఫైల్ ప్రొటెక్షన్ 98లో లేదు. 98లో ఉన్నది ఎస్‌ఎఫ్‌సీ, అంటే సిస్టమ్ ఫైల్ చెకర్. అది మనం నడిపితేనే చూస్తుంది, దానికదే కాపలా కాయదు. పైగా డెస్క్‌టాప్ వస్తే గాని అది నడవదు. వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్ మేనేజర్ అని ఇంకోటి ఉంది, దాని పేరు చూసి చాలామంది ఆశపడతారు. అది చూపించేది విండోస్ సెటప్ సమయంలో పక్కకు తీసిన ఫైళ్లనే. బయటి ప్రోగ్రామ్‌ల సెటప్ చేసిన మార్పులు దానికి తెలియవు.

సేఫ్ మోడ్ కూడా ఎందుకు రాలేదంటే, సేఫ్ మోడ్ ఆపేది డ్రైవర్లనూ స్టార్టప్ ప్రోగ్రామ్‌లనూ. అక్కడా తెర మీదికి రావలసింది ఎక్స్‌ప్లోరరే, అది పిలిచేది అదే కామ్‌సీటీఎల్32నే. ఇలాంటి కేసుల్లో సేఫ్ మోడ్ రాకపోవడం నాకు ఉపయోగపడే గుర్తు. లోపం డ్రైవర్లలో కన్నా షెల్ (డెస్క్‌టాప్‌ను చూపే భాగం) ఫైళ్లలో ఉండే అవకాశమే ఎక్కువని అది చెబుతుంది.

డాస్‌లో వెర్షన్ కనిపెట్టడం

ఇమేజ్‌ను వేరే డిస్క్‌కు రాసి, దాన్నే యంత్రంలో పెట్టి పని మొదలుపెట్టాను. బూట్ అవుతుండగా ఎఫ్8 నొక్కి, మెనూలో కమాండ్ ప్రాంప్ట్ ఓన్లీ ఎంచుకున్నాను. మొదట చూసింది విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఇనిట్.బీఏకే.

ఈ ఫైల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా దీని చుట్టూనే తిరిగింది. విండోస్ నడుస్తుండగా వాడుకలో ఉన్న డీఎల్ఎల్‌ను మార్చడం కుదరదు. అందుకని సెటప్ తన ఫైల్‌ను వేరే పేరుతో పక్కన పెట్టి, విన్‌ఇనిట్.ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రీనేమ్ అనే విభాగం కింద ఒక లైను రాస్తుంది. ఎడమ వైపు మార్చాల్సిన ఫైల్, సమాన గుర్తు, కుడి వైపు కొత్త ఫైల్. ఎడమన ఎన్‌యూఎల్ అని ఉంటే కుడివైపు ఫైల్‌ను చెరిపేయమని అర్థం. తర్వాతి బూట్‌లో విండోస్ లేవకముందే విన్‌ఇనిట్ ప్రోగ్రామ్ ఆ లైన్లన్నీ అమలు చేసి, ఆ ఫైల్ పేరును విన్‌ఇనిట్.బీఏకేగా మారుస్తుంది. అప్పటికి లాంగ్ ఫైల్‌నేమ్‌లు పనిచేయవు కనుక అందులో అన్నీ 8.3 పేర్లే (8 అక్షరాల పేరు, 3 అక్షరాల ఎక్స్‌టెన్షన్) ఉంటాయి. రీస్టార్ట్ చేయమని సెటప్ అడగడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే.

ఈ యంత్రంలో బీఏకే ఫైల్ భద్రంగా ఉంది. అందులో కామ్‌సీటీఎల్32, ఓలేఆట్32 (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి పనిచేయడానికి వాడే మరో డీఎల్ఎల్) రెండూ ఉన్నాయి. అయితే ఈ జాబితా పూర్తి కాదు. ఆ సమయంలో వాడుకలో లేని డీఎల్ఎల్‌లను సెటప్ అక్కడికక్కడే మార్చేసి ఉంటుంది, వాటి జాడ ఇక్కడ పడదు.

డాస్‌లో ఫైల్ వెర్షన్ చూపే ప్రాపర్టీస్ విండో లేదు. కాని విండోస్ ఫైళ్ల తేదీ, టైములోనే వెర్షన్ దాగి ఉంటుంది. 98 సెకండ్ ఎడిషన్ వెర్షన్ 4.10.2222. దాని సొంత ఫైళ్ల తేదీ 1999 ఏప్రిల్ 23, టైము రాత్రి 10:22, అంటే 24 గంటల లెక్కలో 22:22. మొదటి విండోస్ 95 వెర్షన్ 4.00.950, దాని ఫైళ్ల తేదీ 1995 జులై 11, టైము ఉదయం 9:50. సెటప్ కాపీ చేసినా ఈ తేదీ మామూలుగా మారదు. అందుకే సిస్టమ్ ఫోల్డర్‌లో తేదీ వరుసలో డీఐఆర్ కొడితే పాత ఫైళ్లు పైకి తేలతాయి.

కామ్‌సీటీఎల్32 పక్కన కనిపించింది 1995 జులై 11, 9:50. విండోస్ 95 నాటి అసలు కామన్ కంట్రోల్స్ ఫైల్ అది, వెర్షన్ 4.00. సెకండ్ ఎడిషన్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 వస్తుంది, దాని కామ్‌సీటీఎల్32 వెర్షన్ 5.80. మధ్యలో 4.70, 4.71, 4.72 వచ్చాయి, ప్రతిదానిలోనూ కొత్త ఫంక్షన్లు చేరాయి. 98 షెల్ ఆ ఫంక్షన్లను పిలుస్తుంది, 95 ఫైల్‌లో అవి లేవు. ఎర్రర్ చెప్పింది సరిగ్గా అదే.

పాత సెటప్ ఇలా ఎందుకు చేసిందంటే, ఆ రోజుల్లో అందరూ వెర్షన్ పోల్చి చూసేవాళ్లు కాదు. అలా పోల్చడానికి విండోస్‌లో వెర్‌ఇన్‌స్టాల్‌ఫైల్ అనే ఫంక్షన్ ఉండనే ఉంది. దాన్ని వాడకుండా నేరుగా కాపీ చేసిన సెటప్‌లు చాలా చూశాను. 1996లో తమ ప్రోగ్రామ్‌ను పరీక్షించిన యంత్రాల్లో విండోస్ 95 ఉంటే, అదే ఫైల్ మీద అదే ఫైల్ పడింది. ఎవరికీ ఏమీ తేడా కనిపించి ఉండదు.

బాగుచేయడం

తప్పు ఫైళ్లను చెరిపేయకుండా, ముందు పేర్లు మార్చి పక్కన పెట్టాను. తర్వాత విండోస్ 98 సీడీలోని క్యాబ్‌ల నుంచి ఎక్స్‌ట్రాక్ట్ కమాండ్‌తో అసలు ఫైళ్లు తీశాను. ఏ క్యాబ్‌లో ఏ ఫైల్ ఉందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్లాష్ ఏ స్విచ్ ఇస్తే మొదటి క్యాబ్ నుంచి గొలుసుగా అన్నీ వెతుకుతుంది, స్లాష్ ఎల్ తర్వాత ఎక్కడ పెట్టాలో చెప్పాలి. స్టార్టప్ ఫ్లాపీతో బూట్ చేసేవాళ్లకు ఒక మాట: ఆ ఫ్లాపీ ర్యామ్ డ్రైవ్ ఒకటి సృష్టిస్తుంది, అందువల్ల సీడీ డ్రైవ్ అక్షరం ఒకటి ముందుకు జరుగుతుంది. విండోస్‌లో డీ అయితే ఇక్కడ ఈ. సీడీ చదవడం లేదని చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

డాస్‌లో ఉన్నప్పుడు సిస్టమ్ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌ల వరకే కాపీ చేయండి. వాటి పేర్లు దాదాపు అన్నీ 8.3లోనే ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ మొత్తాన్ని అక్కడి నుంచి కాపీ చేస్తే పొడవు పేర్లన్నీ పోయి టిల్డె (~) గుర్తుతో కుదించిన పేర్లు మిగులుతాయి.

ఓలేఆట్32ను ఒంటరిగా మార్చలేదు. ఓలేప్రో32, ఎసైక్‌ఫిల్ట్, ఎస్‌టీడీఓలే2 టైప్ లైబ్రరీ దానితో కలిసి నడిచేవి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బూట్ అవుతుంది గాని, ఎప్పుడో ఒక ప్రోగ్రామ్‌లో కారణం దొరకని క్రాష్ వస్తుంది. అందుకే నాలుగూ ఒకే చోటి నుంచి తీసి పెట్టాను.

ఈ యంత్రంలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 గాని 6 గాని తర్వాత ఎక్కించలేదు, కనుక సీడీలోని ఫైళ్లే సరైనవి. అవి ఎక్కించిన యంత్రమైతే సీడీ ఫైల్ అప్పటి వరకు ఉన్నదాని కన్నా పాతదవుతుంది. అప్పుడు సీడీ ఫైల్‌తో డెస్క్‌టాప్ తెచ్చుకోవడం వరకే చూసుకుని, ఆపైన యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రిపేర్ నడపాలి.

రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చింది.

అయినా పని పూర్తి కాలేదు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎంఎఫ్‌సీ42.డీఎల్ఎల్‌లో (విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో రాసిన ప్రోగ్రామ్‌లు వాడే లైబ్రరీలో) ఒక నంబరు గల ఎక్స్‌పోర్ట్ లేదన్న ఎర్రర్. ఈ డీఎల్ఎల్ ఫంక్షన్లను పేర్లతో కాకుండా నంబర్లతో ఇస్తుంది, కనుక ఎర్రర్ చూసి ఏ ఫంక్షనో చెప్పడం కష్టం. ఫైల్ పేరు మాత్రం దారి చూపిస్తుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్ 4.2 నుంచి 6 దాకా దీని పేరు ఎంఎఫ్‌సీ42గానే ఉండిపోయింది, లోపలి వెర్షన్ మాత్రం 4.20 నుంచి 4.21కి, ఆపైన 6.00కి మారింది. ఇప్పుడు డెస్క్‌టాప్ ఉంది కనుక ప్రాపర్టీస్‌లో చూశాను: 4.20. సెటప్ నడిచినప్పుడు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మూసి ఉంది. ఫైల్ వాడుకలో లేదు కనుక అక్కడికక్కడే మారిపోయింది. విన్‌ఇనిట్.బీఏకేలో దీని పేరు లేకపోవడానికి కారణం అదే.

కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సీడీ లేదు కదా, దాని ఎంఎఫ్‌సీ42 ఎక్కడిది? విజువల్ సీ ప్లస్ ప్లస్ 6 రన్‌టైమ్‌ను (దానితో రాసిన ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన ఫైళ్లను) మైక్రోసాఫ్ట్ వీసీరెడిస్ట్ అనే ప్యాకేజీగా ఇచ్చింది. ఎంఎఫ్‌సీ42, ఎంఎస్‌వీసీఆర్‌టీ, ఓలేఆట్32 అన్నీ అందులో ఉంటాయి. దాన్ని నడిపాక కంట్రోల్ సాఫ్ట్‌వేర్ లేచింది, కార్డును గుర్తించింది, పరికరంతో మాట్లాడింది. క్యాలిబ్రేషన్ విలువలు చెక్కుచెదరలేదు. ఆపరేటర్ ఒక స్టాండర్డ్ నమూనా నడిపి పాత ప్రింట్‌తో పోల్చి చూశాక గాని నేను బాగైందని అనుకోలేదు. డెస్క్‌టాప్ రావడం ఒకటి, యంత్రం తన పని చేయడం వేరొకటి.

అదే ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించడం

ల్యాబ్‌కు ఆ విశ్లేషణ ప్రోగ్రామ్ నిజంగా కావాలి. వద్దని చెప్పి వచ్చేస్తే, వాళ్లు అవసరం పడి ఎప్పుడో మళ్లీ సీడీ పెడతారు, ఇదే కథ మళ్లీ జరుగుతుంది. కనుక సరిగ్గా ఎక్కించి ఇవ్వడం కూడా నా పనిలో భాగమే అనుకున్నాను.

ముందు 86బాక్స్ ఎమ్యులేటర్‌లో ఖాళీ విండోస్ 98 సెకండ్ ఎడిషన్ వేసి, అదే రన్‌టైమ్ పెట్టాను. పాత బోర్డు, పాత ప్రాసెసర్‌ను యథాతథంగా అనుకరించే ఎమ్యులేటర్ అది. ఐఎస్ఏ కార్డు అక్కడ ఉండదు గాని, సెటప్ ఏం చేస్తుందో చూడడానికి కార్డు అక్కర్లేదు. విండోస్, సిస్టమ్ ఫోల్డర్ల డీఐఆర్ జాబితాను ఒక ఫైల్‌లోకి పంపి, సెటప్ నడిపి, రీస్టార్ట్ వద్దని చెప్పి, మళ్లీ జాబితా తీసి, రెండిటినీ ఎఫ్‌సీ కమాండ్‌తో పోల్చాను. పాత ఇన్‌స్టాల్‌షీల్డ్ సెటప్ అయితే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఐఎస్‌యూ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక అన్‌ఇన్‌స్టాల్ లాగ్ కూడా వదులుతుంది. అది బైనరీ ఫైలే గాని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ఫైళ్ల పేర్లు చదవగలం. పోలిక అయ్యాక మూడు విషయాలు తేలాయి. విన్‌ఇనిట్.ఐఎన్ఐలో రెండు లైన్లు, అప్పటికే మారిపోయిన ఎంఎఫ్‌సీ42, ఇక సిస్టమ్.ఐఎన్ఐలోని 386 ఎన్‌హాన్స్‌డ్ విభాగంలో డాంగిల్ (లైసెన్స్ ఉందని చూపడానికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) కోసం ఒక వీఎక్స్‌డీ డ్రైవర్ లైను.

అసలు యంత్రంలో సిస్టమ్ ఫోల్డర్ మొత్తాన్ని విండోస్ లోపలి నుంచే వేరే పార్టిషన్‌కు కాపీ చేసి, సెటప్ నడిపాను. చివర్లో రీస్టార్ట్ చేయాలా అని అడిగినప్పుడు నో అన్నాను. ఈ కేసులో ఎవరైనా ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ నో గుర్తుపెట్టుకోమంటాను. ఆ క్షణంలో కామ్‌సీటీఎల్32 ఇంకా సరైనదే ఉంది. దాన్ని మార్చాలన్న ఆదేశం నోట్‌ప్యాడ్‌లో తెరవగలిగే ఒక చిన్న ఫైల్‌లో రాసి ఉంది, అంతే. విన్‌ఇనిట్.ఐఎన్ఐ తెరిచి ఆ రెండు లైన్లు తీసేశాను. వెంటనే మారిపోయిన ఎంఎఫ్‌సీ42 స్థానంలో కాపీ నుంచి 6.00ను తిరిగి పెట్టాను. డాంగిల్ లైను అలాగే ఉంచాను, ప్రోగ్రామ్‌కు అది కావాలి. రేపు ఎవరైనా ఆ వీఎక్స్‌డీ ఫైల్‌ను తీసేసి లైనును మరిచిపోతే, బూట్‌లో డివైస్ ఫైల్ దొరకలేదన్న మెసేజ్ వస్తుంది. అందుకని ఆ లైనుకు పైన వేరే లైనులో సెమీకోలన్ పెట్టి, ఇది ఏ ప్రోగ్రామ్‌దో రాశాను.

రీస్టార్ట్ తర్వాత రెండు సాఫ్ట్‌వేర్లూ లేచాయి. విశ్లేషణ ప్రోగ్రామ్‌లో ప్రింట్ ప్రివ్యూ నొక్కితే మాత్రం మూసుకుపోయింది. కొత్త ఎంఎఫ్‌సీతో దానికి పడలేదు. దాని సీడీలోని 4.20 ఎంఎఫ్‌సీ42ను ఆ ప్రోగ్రామ్ సొంత ఫోల్డర్‌లో పెడితే సరిపోయింది. 32 బిట్ ప్రోగ్రామ్ డీఎల్ఎల్ కోసం ముందు తన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, కనుక అది పాతదాన్ని వాడుకుంటుంది, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ ఫోల్డర్‌లోని కొత్తదాన్ని వాడుకుంటుంది. ఈ పద్ధతికి రెండు హద్దులు ఉన్నాయి. రిజిస్ట్రీలో సెషన్ మేనేజర్ కింద ఉండే నోన్ డీఎల్ఎల్స్ జాబితాలో పేరున్న ఫైళ్లకు ఇది పనిచేయదు, వాటిని విండోస్ తన సిస్టమ్ ఫోల్డర్ నుంచే తెస్తుంది. 16 బిట్ ప్రోగ్రామ్‌లకూ పనికిరాదు. అక్కడ ఒక పేరుతో మొదట ఎక్కిన డీఎల్ఎల్‌నే అన్ని ప్రోగ్రామ్‌లూ పంచుకుంటాయి.

చివరిగా ఎస్‌ఎఫ్‌సీని ఒకసారి నడిపాను. అది మారిందని చూపిన ప్రతి ఫైల్‌నూ నా జాబితాతో సరిచూసి, రన్‌టైమ్ ప్యాకేజీ పెట్టినవాటిని అలాగే ఆమోదించాను. రిస్టోర్ అని కళ్లు మూసుకుని నొక్కితే అది విండోస్ సీడీ నాటి ఎంఎఫ్‌సీ42ను తెచ్చి పెట్టగలదు. ఆ తర్వాత కొత్త ఇమేజ్ తీసి, ఇంకో డిస్క్‌కు రాసి, దానితో యంత్రం బూట్ అయి పరికరంతో మాట్లాడుతోందని చూశాను. పాత డిస్క్‌ను విడిగా లేబుల్ వేసి దాచమని ఇచ్చాను. ఇమేజ్ ఫైల్, డీడీరెస్క్యూ మ్యాప్, ఎమ్యులేటర్‌లో తీసిన రెండు జాబితాలు, వీసీరెడిస్ట్ ప్యాకేజీ ఒకే ఫోల్డర్‌లో ఇప్పుడు ఆ ల్యాబ్ సర్వర్‌లో ఉన్నాయి.